లెంపి మార్చిన ముగింపులు

లెంపి కార్వొనెన్ ఒక నవల బాగుందని చెప్పిందంటే, ఆ నవల మూడు నెలల దాకా నా లైబ్రరీ వ్యాను ముఖం చూడదు. బాగాలేదని చెప్పిందంటే, దాన్ని నేను సరస్సు ఒడ్డు పొడుగునా ఊరేగించడమే తప్ప ముట్టుకునే నాథుడుండడు. ఏ పుస్తకం కొనాలో తేల్చడానికి లైబ్రరీ హెడ్డాఫీసులో ముగ్గురు బాగా చదువుకున్నవాళ్ళు కూర్చుని ఉంటారు. వాళ్ళ ముగ్గురి మాటా ఒక పక్క, లెంపి పెదవి విరుపు ఒక పక్క. వ్యాను నడిపేవాణ్ణి, పదో క్లాసు మధ్యలో బడికి నమస్కారం పెట్టి వచ్చినవాణ్ణి కాబట్టి ఈ సంగతి నన్నెవరూ అడగలేదు. అడిగుంటే ఆ ముగ్గురినీ ఇంటికి పంపేసి హాయిగా ఉండేవాళ్ళు.

మా పల్లె కోస్కి కార్నర్స్‌లో నా బండి రెండు వారాలకోసారి, గురువారం పొద్దున పదింటికి టౌన్‌షిప్ హాలు పక్కన ఆగుతుంది. చలికాలంలో ఆగిందో లేదో చెప్పడం కష్టం. ఒక ఏడు మంచు ఎంత పడిందంటే, బండి ఎక్కడుందో జనానికి తెలియడానికి పైన జెండా కర్ర కట్టాను. మధ్యాహ్నానికి ఆ కర్ర మునిగిపోయింది. దాని మీద ఇంకో కర్ర కట్టాను. ఆ రోజు కూడా లెంపి వచ్చింది. బండి పైకప్పులో ఉన్న గాలి కిటికీలోంచి దిగి, పదకొండు పుస్తకాలు తిరిగిచ్చి, పదకొండు పట్టుకుపోయింది. మంచు విషయంలో నేను ఒక అడుగు అటో ఇటో చెబుతానేమో గానీ, పదకొండు మాత్రం కంప్యూటరు చెప్పిన మాట.

ఆమెకి డెబ్బై ఆరేళ్ళు. ముప్పై నాలుగేళ్ళు మా బడి వంటగదిలో పనిచేసింది. బడి గురించి నాకు గుర్తున్న మంచి సంగతి ఆమె రెండోసారి అడక్కుండానే వడ్డించిన మకరోనీ ఒక్కటే. అందుకే ఇప్పటికీ ఆమెని అప్పటిలాగే మిసెస్ కె అని పిలుస్తాను. భర్త పోయి పన్నెండేళ్ళయింది. ఆమె చదివేవి రెండే రకాలు. ఒకటి ప్రేమ నవలలు, రెండోది పదహారు పదిహేడేళ్ళ పిల్లల కోసం రాసే నవలలు. అవి కూడా కొత్తగా అచ్చయినవే కావాలి. పాతవి చేతికిస్తే, "అవి నేను బతికేశానురా, కొత్తవి పట్రా" అంటుంది.

మార్కులు గరిటెల్లో వేస్తుంది. సౌనాలో, అంటే మా ఆవిరి స్నానాల గదిలో, కాలిన రాళ్ళ మీద నీళ్ళు పోసి ఆవిరి పుట్టిస్తాం చూడండి, ఆ గరిటెలు. ఒక గరిటె నవల అంటే ఒళ్ళు కాస్త వెచ్చబడింది. రెండు గరిటెలంటే చెమట పట్టింది. మూడు గరిటెలంటే తలుపు తోసుకుని బయటికి పరుగెత్తి మంచులో పడి పొర్లాల్సిందే. ఇవి కాక "పొయ్యే రాజెయ్యలేదు" అని ఇంకో మార్కుంది. ఈ మధ్య వచ్చిన వాటిల్లో సగానికి అదే పడింది.

"ఈ పిల్లలందరూ ఊపిరి బిగబట్టుకుంటారేంట్రా రూడీ?" అంది ఒకసారి, పుస్తకాల కట్ట నా బల్ల మీద పడేస్తూ. "ఏ పుస్తకం తీసినా యాభయ్యో పేజీకల్లా వాడు దగ్గరికొస్తాడు. అప్పుడు ఈవిడ ఊపిరి వదులుతుంది. అప్పటిదాకా బిగబట్టినట్టు ఈవిడకే తెలీదట! ఊపిరి తీస్తోందో లేదో తెలియని పిల్లని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి గానీ డాన్సుకి తీసుకెళ్తారా?"

"ప్రేమంటే అంతేనేమో, మిసెస్ కె."

"నీకేం తెలుసు ప్రేమ సంగతి? నీ బండికి ఆయిల్ మార్చడం తప్ప నువ్వు దేన్నీ పట్టించుకున్న పాపాన పోలేదు. ఇదిగో, దీన్ని చూడు. దారిలో మంచు తుఫాను, హోటల్లో ఒకటే గది, గదిలో ఒకటే మంచం. ఈ ఏడాదిలో ఇది ఆరో మంచం. నా పెళ్ళయిన కొత్తలో మాకూ ఒకటే మంచం ఉండేది. మధ్యలో మా అత్తగారి కుక్క పడుకునేది. దాని మీద ఎవరూ నవల రాయలేదే?"

ఇంకో నవలలో కథానాయకుడికి నాలుగొందల ఏళ్ళు. చావు లేదు. ముసలితనం రాదు. ఊరి హైస్కూల్లో పదకొండో క్లాసు చదువుతూ అక్కడి పిల్లని ప్రేమిస్తాడు. దానికి లెంపి అడిగిన ప్రశ్న ఒక్కటే. "చావులేని వరం దొరికినవాడు మళ్ళీ వెళ్ళి లెక్కల క్లాసులో కూర్చుంటాడా? నువ్వు మామూలు మనిషివి, పదహారేళ్ళు నిండకుండానే గోడ దూకావు."

బండిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ గోడ ఎనిమిదడుగులు. ఒక్క ఊపులో దూకాను. ఆ ముక్క మాత్రం ఎవరికీ గుర్తుండదు.

అలాగని ఆమెకి మెచ్చుకోవడం రాదనుకోకండి. తాగుబోతు తల్లిని స్నేహితుల దగ్గర దాచిపెట్టుకుంటూ తిరిగే పదిహేనేళ్ళ పిల్ల కథ ఒకటి వచ్చింది. దాన్ని తిరిగివ్వడానికి వచ్చిన రోజు లెంపి బండి మెట్టు మీద కూర్చుండిపోయింది. "మూడు గరిటెలు" అని మాత్రం చెప్పి ముక్కు తుడుచుకుంది. ఆ పిల్ల తల్లికి టిఫిను డబ్బా సర్దిపెట్టే పేజీ తీసి, ఆ పేజీలో ఒక్క పెద్దమాటైనా లేదు చూడు అని నాకు వేలితో చూపించింది. ఆ పుస్తకం అట్ట ఊడిపోయేదాకా ఊళ్ళో తిరిగింది.

హైస్కూలు పిల్ల డెలేనీ ఒక్కతే ఆమెకి ఎదురు చెప్పేది. "మిసెస్ కె, ఇవి మీకోసం రాసినవి కావు, మాకోసం రాసినవి" అంది ఒకరోజు, రెక్కల మనిషి నవల గుండెలకి హత్తుకుని.

"మీకోసమేలేవే తల్లీ. అందుకే అడుగుతున్నా. ఎవడో మీ కిటికీ బయట నిలబడి రాత్రంతా నువ్వు నిద్రపోవడం చూస్తున్నాడనుకో. ఏం చేస్తావు?"

"నేనెందుకు చెయ్యడం? మా నాన్న తుపాకీ తీస్తాడు."

"అదీ మాట! మరి ఇందులో పిల్ల కిటికీ తీసి లోపలికి రమ్మందేం?"

డెలేనీ కాసేపు ఆలోచించింది. "వాడికి రెక్కలున్నాయి కదా" అంది.

లెంపి ఎంత నవ్విందంటే, ఆ నవ్వుకి పై అరలో పుస్తకాలు రెండు కిందపడ్డాయి. ఇది మంచు లెక్క కాదు. నిజంగానే పడ్డాయి.

కానీ ఒక్క రకం కథానాయకుణ్ణి చూస్తే మాత్రం ఆమెకి నవ్వు రాదు. మూతి బిగించుకుని, రోజుల తరబడి మాట్లాడకుండా, గోడకేసి చూసే మగవాడు. "వీడు మాట్లాడకపోతే లోపల ఏదో గాయం ఉందనీ, అగాధం ఉందనీ రాస్తారు. ఆ అగాధంలో దిగడానికి ఈ పిల్ల జీవితం ధారపోస్తుంది. నాకు మాత్రం మాట్లాడని మొగాడు మాట్లాడని మొగాడిలాగే కనబడతాడు." ఆ మాటంటున్నప్పుడు ఆమె గొంతు మారేది. ఎందుకు మారేదో తెలియడానికి నాకు చాలాకాలం పట్టింది.

లెంపి ఇంటికి ఎదురుగా, రోడ్డుకి అవతలి పక్క ఇంపి ఒల్లిలా ఉంటుంది. ఇద్దరూ ఒకే ఈడువాళ్ళు, ఒకే బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళు. ప్రతి శనివారం సాయంత్రం ఇంపి ఇంటి సౌనా రాజుకుంటుంది. ముందు ఆడవాళ్ళిద్దరూ వెళ్తారు. వాళ్ళు తలలకి తువ్వాళ్ళు చుట్టుకుని ఎర్రటి మొహాలతో వంటింట్లోకి వచ్చాక, మిగిలిన వేడి నాది. కట్టెలు కొట్టిపెట్టినందుకు అది నాకు వచ్చే వాటా. వంటింట్లో కాఫీ, ఏలకుల రొట్టె. ఆ తర్వాత లెంపి పుస్తకం తీసి చదువుతుంది. ఇంపి వింటుంది.

నాలుగేళ్ళ కిందట ఇంపికి చూపు నడిమధ్య పోయింది. అంచుల్లో ఉంది. తలుపు కనబడుతుంది, తలుపులో నిలబడ్డ మనిషి మొహం కనబడదు. పేజీ తిప్పడం కనబడుతుంది, పేజీలో అక్షరం కనబడదు. అప్పటినుంచీ లెంపి ఆమెకి చదివి వినిపిస్తోంది. వంటగదిలో వందమంది పిల్లల్ని అదిలించిన గొంతు కదా, డ్రాగన్లు వస్తే డ్రాగన్లా గర్జించేది, తుంటరి కుర్రాళ్ళు వస్తే చెవి మెలిపెట్టినట్టే చదివేది.

ఒక శనివారం నేను సౌనాకి వెళ్ళకుండా రొట్టె ముక్క దగ్గర ఆగిపోయాను. ఇంపి కాఫీ కప్పు పట్టుకుని సంతోషంగా అంటోంది. "ఇప్పటి రచయిత్రులు ఎంత తెలివైనవాళ్ళే లెంపీ! మన కాలంలో నవలల్లో ఆడవాళ్ళు ఎంత ఏడ్చేవాళ్ళు! ఇప్పుడు చూడు, వాడు మూతి ముడిచాడు, ఈ పిల్ల సూట్‌కేసు సర్దింది, డులూత్ పట్నం బస్సెక్కింది. అంతే! ఒక్కతీ వెనక్కి తిరిగి చూడదు."

నా రొట్టె గొంతులో ఇరుక్కుంది. ఎందుకంటే, ఆ నవల గురించే రెండు రోజుల కిందట లెంపి నా బండిలో కాళ్ళు నేలకేసి కొట్టింది. "బస్టాండు దాకా వెళ్ళిందిరా ఆ పిచ్చిది. సూట్‌కేసు చేతిలో ఉంది. టిక్కెట్టు చేతిలో ఉంది. వాడొచ్చి ఒక్క ముక్క అన్నాడు, 'నువ్వు లేని ఇల్లు నిశ్శబ్దంగా ఉంది' అని! ఆ నిశ్శబ్దం చేసింది ఎవడ్రా? వాడే కదా! ఆ ముక్కకి కరిగిపోయి తిరిగి వెళ్ళిపోయింది. పొయ్యే రాజెయ్యలేదు!" అంది.

గురువారం మొగుడి దగ్గరికి తిరిగి వెళ్ళిపోయిన పిల్ల శనివారం బస్సెలా ఎక్కింది?

మళ్ళీ బండి వచ్చిన గురువారం ఎవరూ లేనప్పుడు అడిగాను. లెంపి మొదట బుకాయించింది. తర్వాత నన్ను వీపు మీద ఒకటి చరిచింది. ఆ తర్వాత మెట్టు మీద కూర్చుని చెప్పింది.

"మారుస్తున్నాను. నాలుగేళ్ళుగా. అన్నీ కాదు. ఆడది వెనక్కి వెళ్ళే కథలు మాత్రం."

"ఎందుకు?"

"ఇంపి ఇరవై మూడేళ్ళప్పుడు సూట్‌కేసు పట్టుకుని మా వంటింట్లోకి వచ్చింది. పెళ్ళయి ఏడాదిన్నర. మొగుడు వైనో ఆమెతో పదకొండు రోజులుగా ఒక్క మాట కూడా మాట్లాడలేదట. కొట్టాడా అంటే లేదు, తిట్టాడా అంటే లేదు. మాట లేదు, అంతే. డులూత్ వెళ్ళిపోతాను, అక్కడ మా మేనత్త ఉంది, పని చూసుకుంటాను అంది. నేనేమన్నానో తెలుసా? వైనో లోపల చాలా ప్రేముందే, మగవాళ్ళకి చెప్పడం రాదు, వెనక్కి వెళ్ళు అన్నాను. ఆ వారమే చదివిన నవల్లో అలాగే ఉంది మరి. వెళ్ళింది. ముప్పై ఒక్క ఏళ్ళు. వాడు పోయేదాకా ఆ ఇంట్లో గడియారం తప్ప ఏదీ మాట్లాడలేదు." ఆమె చేతి తొడుగులు పిండుతోంది. "ఇప్పుడు నా నోటితో నేనే ఆ పిల్లలు వెనక్కి వెళ్ళారని చదవనా, ఆమె ఎదురుగా కూర్చుని? నా వల్ల కాదురా. నాలుక తిరగదు."

"తెలిస్తే?"

"తెలిస్తే మళ్ళీ నన్ను గడప తొక్కనివ్వదు. ఇంపి సంగతి నీకు తెలీదు. ఒకసారి చర్చిలో ఒకామె తన రొట్టె కొలతలు దొంగిలించిందని ఇరవై ఏళ్ళు ఆమెకి ఉప్పు అందించలేదు. నాకు ఉన్నవి ఆ శనివారాలేరా రూడీ. మిగతా ఆరు రోజులూ వాటికోసం బతుకుతున్నాను."

చెప్పనని మాటిచ్చాను. చెప్పలేదు కూడా. అంతకంటే ఘనమైన పని చేశాను.

ఫిబ్రవరిలో లెంపికి ఫ్లూ పట్టింది. మూడు శనివారాలు రాలేకపోయింది. కట్టెలు పేర్చడానికి వెళ్తే ఇంపి దిగులుగా కిటికీ దగ్గర కూర్చుని ఉంది. కథల్లేక బుర్ర తుప్పు పట్టిందంది. నేను ఛాతీ విరిచాను. చూపు లేనివాళ్ళకి ప్రభుత్వం పోస్టులో ఊరికే పంపే చదివే పెట్టె ఒకటుంది, బొత్తాం నొక్కితే ఏ పుస్తకమైనా చదువుతుంది, మామూలు మనుషులకి ఆరు నెలలు పడుతుంది, రూడీ హకాలా చేయిపెడితే పది రోజుల్లో వస్తుంది అన్నాను. తొమ్మిది రోజుల్లో వచ్చింది. నా బుర్ర ఆ తొమ్మిది రోజులూ ఎక్కడికి షికారుకి వెళ్ళిందో నాకిప్పటికీ తెలియదు.

ఇంపి మొట్టమొదట ఏ నవల కోరిందనుకున్నారు? బస్సెక్కిన పిల్ల నవల. అది తనకి అన్నిటికంటే నచ్చిందట, మళ్ళీ వినాలట.

రెండు రోజుల తర్వాత నాకు ఫోను చేసింది. "రూడీ, ఒకసారి రా" అంది. అంతే. వెళ్ళేసరికి వంటింట్లో బల్ల మీద ఆ పెట్టె ఉంది. బొత్తాం నొక్కింది. ఎవరో ఆడమనిషి తీయటి గొంతుతో చదువుతోంది. పిల్ల సూట్‌కేసు కింద పెట్టింది. అతని భుజం మీద తల వాల్చింది. ఇద్దరూ సముద్రం ఒడ్డున ఉన్న ఇంటికి నడిచి వెళ్ళిపోయారు.

ఇంపి ఆపింది. "డులూత్ ఏదిరా?"

నేను టోపీ తీసి చేతిలో పట్టుకున్నాను.

"కథ జరిగింది ఎక్కడో దక్షిణాన, సముద్రం పక్కన. అక్కడ చలే లేదు. మంచు ఊసే లేదు. అక్కడి బస్టాండులో డులూత్ బస్సెలా ఉంటుందా అని నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. ఈ పుస్తకాల్లో పిల్లలందరూ డులూత్ వెళ్ళిపోతుంటే, అక్కడ ఏదో పెద్ద ఫ్యాక్టరీ పెట్టారు కాబోలనుకున్నాను."

అబద్ధానికి నాకు ఎప్పుడూ కరువు లేదు. ఎలుగుబంటి నా బండి ఎక్కి వంటల పుస్తకం తీసుకెళ్ళిందని సగం ఊరిని నమ్మించినవాణ్ణి. కానీ ఆ వంటింట్లో నా నోటికి ఒక్కటీ రాలేదు. ఇంపికి నా మొహం కనబడదు, నా మౌనం వినబడింది.

"నీకూ తెలుసన్నమాట" అంది.

ఆమె ఊరుకోలేదు. ఇంకా పుస్తకాలు తెప్పించింది. లెంపి చదివినప్పుడు పిల్ల వెళ్ళిపోయిన ప్రతి నవలా పేరు గుర్తుపెట్టుకుని అడిగింది. హాకీ ఆటగాడి నవల. డ్రాగన్ల నవల మూడు భాగాలు. లైట్‌హౌస్ నవల. రోజూ పొద్దుటి నుంచి చీకటి పడేదాకా వింది. అన్నిట్లోనూ పిల్లలు వెనక్కి వెళ్తున్నారు.

లెంపి ఫ్లూ తగ్గి, శనివారం తువ్వాలు మడిచి చంకలో పెట్టుకుని రోడ్డు దాటి వెళ్ళింది. ఇంపి తలుపు తీయలేదు. మూసిన తలుపు అవతల నుంచే, "కట్టెలు లేవు" అంది. వసారాలో నేను పేర్చిన కట్టెలు నా ఛాతీ ఎత్తున ఉన్నాయి. లెంపి వాటి పక్కనే నిలబడి ఉంది. తువ్వాలు చంక మార్చుకుని ఇంటికెళ్ళిపోయింది.

ఆ తర్వాత బండి వచ్చిన గురువారం లెంపి రాలేదు. ఇంకో రెండు వారాలకి వచ్చింది. పుస్తకాలన్నీ తిరిగిచ్చింది. "ఏవీ వద్దు" అంది.

"మరి ఇవెలా ఉన్నాయి? ఎన్ని గరిటెలు?" అన్నాను.

"నాకు అభిప్రాయాలేం లేవు."

బండిలో ఉన్న నలుగురూ పుస్తకాలు పట్టుకుని బొమ్మల్లా నిలబడిపోయారు. లెంపికి అభిప్రాయం లేకపోవడమంటే ఏమిటో ఎవరికీ తెలియదు. డెలేనీ నా చెవిలో, "ఆమెకి బాగాలేదా?" అంది. ఆ రోజు ఎవరూ ఒక్క పుస్తకం తీసుకోలేదు. ఏది తీసుకోవాలో వాళ్ళకి చెప్పేవాళ్ళు లేరు.

లెంపి తొడుగులు వేసుకుని దిగబోతుండగా బయట ఇనుప పట్టాలు మంచు మీద రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. చూస్తే, ఇంపి. మనం కాలితో నెట్టుకుంటూ వెళ్ళే మంచుబండి పిడి పట్టుకుని, రోడ్డు అంచున పేరుకున్న మంచుగట్టుని కొలతగా పెట్టుకుని, అరమైలు ఒంటరిగా వచ్చింది. నేను పరుగెత్తి చెయ్యి అందించాను. చెయ్యి విదిలించి తనే మెట్లెక్కింది.

"లెంపి ఉందా ఇక్కడ?"

"ఉన్నాను" అంది లెంపి. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు.

"ఎన్నిట్లో మార్చావు?"

"ఇంపీ..."

"ఎన్నిట్లో?"

"ఇరవై... ఇరవై రెండుంటాయేమో."

"ఇరవై ఆరు. అన్నీ విన్నాను. లైట్‌హౌస్ కథలో వాణ్ణి సరస్సులోకి కూడా తోయించావు. పాపం, అసలు పుస్తకంలో వాడికి ఈతొచ్చు."

డెలేనీ కిసుక్కున నవ్వి, నోరు మూసుకుంది.

"ఎందుకు చేశావే?" అంది ఇంపి.

లెంపి నాకు చెప్పినదే చెప్పింది. సూట్‌కేసు, పదకొండు రోజులు, ఆ వారం చదివిన నవల. చెబుతూ చెబుతూ ఏడ్చింది. "నా మాట విని వెళ్ళావు. నేను ఆ రోజు నోరు మూసుకునుంటే నువ్వు డులూత్‌లో ఉండేదానివి, నీతో మాట్లాడేవాడితో."

ఇంపి మంచు పట్టిన తొడుగులు ఊడదీసి బల్ల మీద పెట్టింది. తర్వాత, "నీ మాట విన్నానా? నేనా?" అంది. "ఒసే, డెబ్బై ఏళ్ళలో నీ మాట నేను ఒక్కటి విన్నానా? ఏలకుల రొట్టెలో ఎండుద్రాక్ష వెయ్యమన్నావు, వేశానా? జుట్టు కత్తిరించుకోమన్నావు, కత్తిరించానా? ఆ రోజు నువ్వేదో గొణిగావు. నేను వినిపించుకోలేదు కూడా. సౌనా కోసం వెళ్ళాను."

"ఏంటీ?"

"సౌనా! ఆ వేసవంతా దుంగలు చెక్కింది నేను. సందుల్లో నాచు కూరింది నేను. పొయ్యికి రాళ్ళు సరస్సు ఒడ్డున ఒక్కొక్కటీ ఏరింది నేను. ఇంకా ఒక్కసారైనా రాజెయ్యలేదు. దాన్ని ఆ మూగమొద్దుకి వదిలేసి నేను డులూత్ వెళ్ళి అద్దె గదిలో బకెట్టు నీళ్ళతో స్నానం చెయ్యనా? మీ ఇంట్లో కాఫీ తాగుతూ ఆలోచించుకున్నాను. నాది నేను వదలనని లేచి వెళ్ళాను."

లెంపి నా బల్ల అంచు పట్టుకుని నిలబడింది. యాభై మూడేళ్ళు మోసిన మూట అది. దాంట్లో తన వస్తువే లేదని ఇప్పుడు తెలిసింది.

"సరిగ్గా చేశానో లేదో నాకు తెలీదు" అంది ఇంపి. గొంతు తగ్గింది. "చాలా రోజులు తప్పే చేశాననుకున్నాను. కానీ ఆ తప్పు నాది. అది కాదు నాకు కోపం తెప్పించింది. వినవే. నాలుగేళ్ళు ప్రతి శనివారం నువ్వు చదువుతుంటే ఏమనుకునేదాన్నో తెలుసా? ప్రపంచంలో ఆడపిల్లలందరూ బస్సెక్కారు, నేనొక్కదాన్నే ఎక్కలేదు అనుకునేదాన్ని. పద్దెనిమిదేళ్ళ పిల్లలు కూడా ఎక్కేశారు. డ్రాగన్ మీద తిరిగేది కూడా దిగి బస్సెక్కింది! నాలాంటి మూర్ఖురాలు ఒక్కతీ లేదు. నువ్వు వెళ్ళిపోయాక ఆ వంటింట్లో కూర్చుని సిగ్గుపడేదాన్ని. ఇప్పుడు ఆ పెట్టె చెబుతోంది, ఇరవై ఆరుగురు ఉన్నారట నాలాంటివాళ్ళు. వాళ్ళని నాకు దక్కకుండా చేశావు."

లెంపి ఏదో అనబోయింది. ఆమె నోట మాట రాలేదు. అది చూసినవాళ్ళు మా టౌన్‌షిప్‌లో ఐదుగురమే ఉన్నాం.

ముక్కు తుడుచుకుని, "మరి ఆ పెట్టె ఉంది కదా" అంది లెంపి. "అది ఉన్నదున్నట్టు చదువుతుంది. ఇంక నేనెందుకు?"

"దానికి ఉలుకూ పలుకూ ఉందా?" అంది ఇంపి. "వాడు మూతి ముడిచినా అదే గొంతు, ముద్దు పెట్టినా అదే గొంతు. మధ్యలో ఆపి 'వీడి మొహం మండ' అని అనదు. ముప్పై ఒక్క ఏళ్ళు వైనోతో ఉన్నాను, ఇప్పుడు దానితో ఉండాలా?" చేత్తో తడుముకుంటూ అర దాకా వెళ్ళి, చేతికందిన పుస్తకం లాగి లెంపి ముందు పెట్టింది. "ఇది చదివావా?"

లెంపి అట్ట చూసింది. "లేదు. నిన్ననే వచ్చినట్టుంది."

"చదువు. చివరి అధ్యాయం."

"మొదలు తెలీకుండా చివరిదెలా చదువుతామే?"

"మొదళ్ళ దగ్గర నీ మీద నాకు అనుమానం లేదు. చివరలు చదివేటప్పుడే. ఒక్క ముక్క మార్చకుండా చదువు. రూడీ, నువ్వు ఆమె భుజం మీదుగా చూడు. ఒక్క మాట మారినా నాకు చెప్పు."

అలా, పదో క్లాసు తప్పించుకున్న నేను, జీవితంలో మొదటిసారి ఒక పుస్తకం చివరి అధ్యాయం అక్షరం అక్షరం వెంట చదివాను. తర్వాతి ఊరివాళ్ళు నాకోసం చలిలో నిలబడి ఉన్నారు. నిలబడనీ అనుకున్నాను.

కథలో పశువైద్యురాలొకతె, గడ్డం ఉన్న గుర్రాలవాడొకడు. రెండు పేజీల్లో వాడు తలుపు విసిరాడు, వారం రోజులు మాట్లాడలేదు, కొండ మీదికి వెళ్ళి కూర్చున్నాడు. ఆవిడ కారెక్కింది. రహదారి దాకా వెళ్ళింది. అక్కడ లెంపి గొంతు నెమ్మదించింది. ఆమె వేలు కింది వరస మీద ఆగిపోయింది. నేను ఆ వరస చూశాను. ఆమె నావైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను.

ఆమె పళ్ళు బిగబట్టి చదివింది. "ఆమె కారు వెనక్కి తిప్పింది."

"ఒసే పిచ్చిమొహమా!" అని ఇంపి బల్ల మీద చేత్తో గట్టిగా కొట్టింది. డెలేనీ ఉలిక్కిపడింది. "కారుందిగా! పెట్రోలుందిగా! బస్సుతో పని కూడా లేదు! ఎందుకు తిప్పావే?"

"అక్కడ గుర్రం ఈనబోతోందట" అంది లెంపి, కింది వరస చూసి.

"ఆ, గుర్రం కోసమా?" ఇంపి మళ్ళీ కొట్టబోయిన చెయ్యి దించింది. "సరే. అది కాస్త అర్థమవుతుంది." కోటు బొత్తాలు విప్పుకుని నా డ్రైవరు సీట్లో సర్దుకుని కూర్చుంది. "ఇప్పుడు నువ్వు చెప్పు. ఎన్ని గరిటెలు?"

లెంపి పుస్తకం మూసింది. కళ్ళు తుడుచుకుంది. ఆ గడ్డం వాణ్ణి కొండ మీద కూర్చోబెట్టిన రచయిత్రితో మొదలుపెట్టి, గుర్రాల మీదుగా, ఈ కాలం నవలల్లో కోపం వచ్చిన మగవాళ్ళందరికీ వెళ్ళి కూర్చోవడానికి ఒక కొండో సరస్సో ఎలా సిద్ధంగా దొరుకుతుందో, కోపం వచ్చిన ఆడవాళ్ళకి వంటిల్లు తప్ప ఎందుకు దొరకదో చెప్పుకుంటూ పోయింది. డెలేనీ అడ్డుపడింది. ఇంపి ఇద్దరికీ అడ్డుపడింది. ఇద్దరు ముసలివాళ్ళూ ఒకేసారి మాట్లాడుతుంటే ఎవరి మాట ఎవరు వింటున్నారో తెలియలేదు గానీ, ఎవరూ ఆపలేదు.

నేను ఇంజను ఆపేసి కాఫీ పోశాను.